యక్, ఛీ, గలీజు

జగిత్యాలలో గానీ, కోరుట్లలో గానీ, సిరిసిల్లలో గానీ ఒక నాలుగేళ్ళ పిల్లవాణ్ణి ఇంగ్లీషు మీడియం బడిలో వేసి మూడు నెలలు గడిచాక వాడికి వచ్చిన ఇంగ్లీషు ఏపాటిదో గమనించి చూడండి. బట్టీపట్టిన పాటలూ, అంకెలూ, ఏ ఫర్ యాపిలూ పక్కన పెట్టండి. ఎవరూ అడగకుండా, సందర్భం తప్పకుండా, తనంతట తానుగా వాడే మాటలు ఐదారుకు మించవు. బై, సారీ, వావ్, మిస్. వాటితోబాటు తప్పనిసరిగా ‘యక్’. మిగతావాటిని బడి నేర్పుతుంది. యక్‌ను ఏ పంతులమ్మా నల్లబల్ల మీద రాయదు. టీవీలోని బొమ్మల కథల నుంచో, పక్కబల్ల పిల్ల నుంచో అది జలుబులాగా అంటుకుంటుంది. పళ్ళెంలో పుంటికూర పడితే యక్. వంటింట్లోంచి బోటి వాసన వస్తే యక్. ముక్కు కారుతున్న చెల్లెలు దగ్గరికొస్తే యక్.

తెలుగు మీద ప్రేమ ఉన్నవాళ్ళం కనుక ఇలాంటివి చూడగానే మనకు అలవాటైన శోకం ఒకటి ఉంది: అయ్యో, మన ‘ఛీ’ పోయిందే, మన ‘థూ’ పోయిందే అని. నాకు ఆ శోకంలో పాలు పంచుకోవాలని లేదు. అలాగని, భాష అన్నాక మాటలు వస్తుంటాయి పోతుంటాయి అని భుజాలు తడుముకుని ఊరుకోవాలనీ లేదు. రోతను చెప్పే మాట ఏ భాషదన్నది నాకంత ముఖ్యంగా తోచలేదు. ఆ మాట దేని వైపు వేలు చూపిస్తోందన్నది ముఖ్యం.

ముందు ఈ మాట పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం. పెద్ద వంశవృక్షమేమీ లేదు. ఇంగ్లీషు నిఘంటువులు చూపే తొలి దాఖలాలు 1960ల నాటివి. అంటే షేక్‌స్పియరుకు తెలియదు, డికెన్సుకు తెలియదు. దాదాపు అదే కాలంలో కెనడా తూర్పు కొసన ఉన్న న్యూఫౌండ్లాండులో ఇదే మాటకు ‘కక్కుకొను’ అనే అర్థం ఉండేది. డోకు వచ్చేటప్పుడు గొంతులో పుట్టే చప్పుడే మాటగా స్థిరపడి ఉంటుందని నిఘంటుకారుల ఊహ. ఆ లెక్కన మన ‘యాక్’కూ దీనికీ చుట్టరికం వెతకనక్కర్లేదు, గొంతులు ఒక్కటే అయినప్పుడు చప్పుళ్ళూ ఒక్కటే అవుతాయి. యక్‌కు ముందు తరంలో ‘అగ్’ ఉండేది, తరువాత ‘ఈవ్’ వచ్చింది. ఇప్పటి కుర్రకారు ‘ఇక్’ అంటున్నారు, అదీ తిండిని చూసి కాదు, నిన్నటిదాకా నచ్చిన మనిషి ఏదో చిన్న పని చేసేసరికి ఒక్కసారిగా పుట్టే విముఖతకు. ఇవేవీ వాక్యంలో ఇమిడే మాటలు కావు. కర్త లేదు, కర్మ లేదు, క్రియ లేదు. ఎవరికి, దేని మీద, ఎందుకు అని అడిగే వీలివ్వకుండా ముఖం చిట్లించి ముగించేస్తాయి.

ఇంగ్లీషు పండితులు ఇదే భావానికి వాడే పెద్దమాట ‘డిస్గస్ట్’. దాని కడుపులో ఉన్నది రుచి అనే అర్థమిచ్చే లాటిన్ మాట. అంటే వాళ్ళకు గొడవ నాలుకతో మొదలైంది. మనకు నాలుక ఒక్కటే చాలలేదు. బూరెలు నాలుగు తిన్నాక ఐదోదాన్ని చూస్తే పుట్టేది వెగటు. అక్కడ బూరె తప్పేమీ లేదు, మొహం మొత్తింది, అంతే. బొద్దింక చేతిమీద పాకితే పుట్టేది కంపరం; అది చర్మానికి సంబంధించినది. మురుగు కంపుకు పుట్టేది ఓకరింత, అది కడుపుది. ఒక మనిషి నడవడిని ఏళ్ళ తరబడి చూసి చూసి మనసులో పేరుకునేది ఏవగింపు. దానికి ముక్కుతో పని లేదు. ఇక రోత అనేది అన్నిచోట్లా తిరుగుతుంది, కంటికీ చెవికీ మనసుకూ. వీటిలో ఒకదాని చోట మరొకదాన్ని పెట్టి చూడండి, వాక్యం ఒప్పుకోదు. బూరెల మీద ఏవగింపు పుట్టిందని ఎవరైనా అంటే బూరెలు వాళ్ళకేదో ద్రోహం చేశాయేమోనని అనుమానం వస్తుంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునే జంట ఒకటుంది: ‘అసహ్యం’, ‘సయించదు’. రెండూ ఒకే తల్లి బిడ్డలు. సహించడమనే సంస్కృత ధాతువు నుంచి వచ్చినవే. సంస్కృతంలోనూ హిందీలోనూ అసహ్యమంటే భరించరానిది, నొప్పి లాంటిది. పంటినొప్పి హిందీవాడికి అసహ్యం. తెలుగులో మాత్రం ఆ మాట భరించడాన్ని వదిలేసి రోతకు స్థిరపడిపోయింది. ఇక రెండోదాన్ని చూడండి. జ్వరం తగిలిన మనిషి అన్నం ముందు కూర్చుని ‘నాకు సయిస్తలేదు’ అంటాడు. అన్నం మీద నింద లేదు, వండిన చేతి మీద నింద లేదు. లోపమేదైనా ఉంటే తన ఒంట్లో ఉందని ఆ వాక్యమే ఒప్పుకుంటోంది. మన భాషలో ఇష్టాయిష్టాలన్నీ మొదట ఇలాగే, ‘నాకు’ అనే మాటతో నడిచేవి. నాకు రోత పుట్టింది, నాకు వెగటేసింది, నాకు కడుపులో తిప్పింది. పుట్టిన చోటు నేను. యక్ అనే మాటలో ఆ ‘నాకు’ లేదు. పళ్ళెంలోని పుంటికూరే యక్. చూసేవాడి నాలుక సంగతి ఎవరూ అడగరు.

‘జుగుప్స’ సంగతి ఇంకా వింతైనది. ‘గుప్’ ధాతువుకు కాపాడుకొనుట, దాచుకొనుట అని అర్థం. ‘గుప్తం’, ‘గోపనం’ అక్కడివే. దానికి ఇచ్ఛార్థక రూపం జుగుప్స, అంటే తన్ను తాను కాపాడుకోవాలనే కోరిక. ఆధునిక పరిశోధకులు చాలా శ్రమపడి చేరిన చోటు కూడా అదే. వాలెరీ కర్టిస్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త 2013లో ఈ విషయం మీద ఒక పుస్తకమే రాసింది. మలం, చీము, కుళ్ళిన మాంసం, పురుగులు — లోకమంతటా మనుషులకు రోత పుట్టించే వస్తువుల్లో ఎక్కువ భాగం రోగాన్ని మోసుకొచ్చేవేనని, రోత అనేది రోగం నుంచి మనల్ని దూరంగా జరిపే సహజ రక్షణ అని ఆవిడ వాదం. మన వ్యాకరణం ఆ సంగతిని ఒక్క ధాతువులో దాచిపెట్టింది. (ఇందులో గర్వపడాల్సిందేమీ లేదు. ధాతువు తెలిసిన పండితులూ నీళ్ళు కాచుకోకుండానే తాగారు, కలరా వాళ్ళనూ వదల్లేదు.)

ఈ జుగుప్సే బీభత్స రసానికి స్థాయీభావమని భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పాడు. ఎనిమిది రసాల్లో దానికొక పీట వేశాడు. ఆ పీట మీది నుంచి దాన్ని దించినవి మన పత్రికలు. తుపాను బీభత్సం, గాలివాన బీభత్సం, అదుపు తప్పిన లారీ బీభత్సం. ఆ తరువాత కుర్రవాళ్ళు ఇంకో మెట్టు ఎక్కించి ‘సినిమా బీభత్సంగా ఉంది’ అన్నారు, చాలా బాగుందనే అర్థంలో. రోతకు పెట్టిన పేరు మెప్పుకు పేరయింది. ఆ ఖాళీలో యక్ వచ్చి కూర్చుందంటే తప్పెవరిది?

ఇక మన వైపు మాటకు వద్దాం. ఉత్తర తెలంగాణలో ఈ రాజ్యమంతా ‘గలీజు’ది. గలీజు నీళ్ళు, గలీజు మాటలు, గలీజు పని, గలీజోడు. ఛీ అనేది నోట్లోంచి వచ్చే ఊపిరైతే గలీజు అనేది తీర్పు. ఈ మాట మనకు ఉర్దూ నుంచి వచ్చింది, ఉర్దూకు అరబ్బీ నుంచి. అరబ్బీలో ‘గలీజ్’ అంటే చిక్కనిది, దళసరిది, మోటుది అని అర్థాలు. అక్కడ తాడు దళసరిదైతే గలీజ్. పారసీకంలో పాకం చిక్కబడితే గలీజ్. ఆ మాట దక్కను చేరేసరికి చిక్కదనం పోయి మురికి మిగిలింది. ఒక మాట దేశాలు దాటి వచ్చి మన ఇంట్లో మురికి పట్టడమంటే ఇదే కాబోలు. యక్‌ను పరాయిదని తరిమేయాలనుకునేవారు ముందు గలీజుకు వీడ్కోలు చెప్పాలి. చెప్పలేరు, నేనూ చెప్పలేను. అది నా నాలుక మీద పెరిగింది.

కానీ అచ్చంగా మనదేనని చెప్పుకోదగిన రోతమాట ఒకటుంది. కోస్తాలో ఎక్కువ, హైదరాబాదులో ఎక్కువ, సినిమాల పుణ్యమా అని ఇప్పుడు జగిత్యాలలోనూ వినిపిస్తుంది. ‘చెండాలంగా ఉంది’. కూర చెండాలం, రోడ్డు చెండాలం, సినిమా చెండాలం. చదువుకున్నవారు, ఎవరి మనసూ నొప్పించని వారు, కుల ప్రస్తావన వస్తే గొంతు తగ్గించేవారు కూడా రోజుకు పదిసార్లు అనేస్తారు. అది ఒక మనుషుల గుంపు పేరు. ధర్మశాస్త్రాలు ఊరి వెలుపల ఉంచిన వాళ్ళ పేరు. తెలుగు రాష్ట్రాల షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఇప్పటికీ ఉన్న పేరు. ఉప్పు ఎక్కువైన పప్పును నిందించడానికి మనం తడుముకోకుండా ఒక కులాన్ని తీసుకొస్తున్నాం. యక్‌లో పేదరికం ఉంది, ఒప్పుకుంటాను. దానిలో ఎవరి పేరూ లేదు. ఈ రెంటిలో ఏదో ఒకటి మా ఇంటి పిల్ల నోట ఉండక తప్పదంటే నేను నిస్సంకోచంగా యక్‌నే ఉండనిస్తాను. తెలుగు భాషాభిమానం ఈ చోట నన్ను ఆపలేదు.

రోత మాటలతో ఎవరిని ఊరి బయట ఉంచారో ఆ వైపు నుంచి ఒక మహాకవి ఇదంతా చూశాడు. మేఘసందేశంలో కాళిదాసు మేఘాన్ని దూతగా పంపితే, గుర్రం జాషువా 1941లో తెచ్చిన కావ్యంలో గబ్బిలాన్ని పంపాడు. ఇంట్లోకొస్తే అపశకునమని తరిమే ప్రాణి. దాని పేరు పలుకుతుంటేనే ‘గబ్బు’ వినిపిస్తుంది. అయినా గుడి లోపలికి వెళ్ళే స్వేచ్ఛ దానికుంది, దాన్ని పంపుతున్న మనిషికి లేదు. రోత ఎవరి మీద ఎంత ఉండాలో ఎవరు నిర్ణయించారు అనే ప్రశ్నకు ఇంతకన్నా సూటైన కల్పన నేను చదవలేదు.

ఇప్పుడు మళ్ళీ కోరుట్లకు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల — ఈ ఊళ్ళలో వేల ఇళ్ళకు బీడీలే ఆధారం. ఆడవాళ్ళు చాట ఒళ్ళో పెట్టుకుని, తునికాకును కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి, వెయ్యి బీడీల లెక్కన కూలి తీసుకుంటారు. తంబాకు వాసన చేతులకు పడితే సబ్బుతో పోదు. చీర కొంగుకు ఉంటుంది, జుట్టుకు ఉంటుంది, కలిపిన అన్నం ముద్దకు కూడా ఉంటుంది. ఆ కూలిలోంచి ఒక పాలు బడి ఫీజుకు పోతుంది. ఆ బడి నుంచి వచ్చిన బిడ్డ, దగ్గరికి తీసుకున్న చేతిని వాసన చూసి, యక్ అంటుంది. ఆ పిల్లకు దురుద్దేశమేమీ లేదు. పుంటికూరకూ అదే మాట, అమ్మ చేతికీ అదే మాట. తేడా చెప్పుకునేందుకు దాని దగ్గర రెండో మాట లేదు.

పొగాకు పొట్లాల మీద ఎనభై అయిదు శాతం మేర భయంకరమైన హెచ్చరిక బొమ్మలు వేయాలనే నిబంధన 2016 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. పుండు పడిన నోరు, పుండు పడిన గొంతు. కొనేవాడికి రోత పుట్టాలనే దాని ఉద్దేశం, అది సదుద్దేశమే. కానీ ఆ బొమ్మలున్న కట్టలు ఎవరి ఇళ్ళ మధ్య తయారవుతున్నాయో ఆ వీధుల పిల్లలు కూడా వాటిని చూస్తారు. సర్కారు రోతగా ముద్రించిన వస్తువు, అమ్మ చుట్టే వస్తువు ఒక్కటే. ఆ రెంటినీ విడదీసి పిల్లకు చెప్పే పని ఏ పాఠ్యపుస్తకం మీదా లేదు. నేను ఆ బొమ్మలను తీసేయమనడం లేదు. తాగేవాడి ఊపిరితిత్తులకు అవి మేలే చేస్తాయి.

తండ్రి సంగతీ ఇలాంటిదే. ఈ మూడు ఊళ్ళ నుంచి దుబాయికీ, మస్కటుకూ, సౌదీకీ పోయిన మగవాళ్ళలో కట్టడం పనికి పోయినవాళ్ళతోబాటు ఊడ్చే పనికి పోయినవాళ్ళూ ఉన్నారు. అక్కడి పురపాలక సంఘాన్ని బలదియా అంటారు, మనవాళ్ళ నోటా ఆ మాటే. వీధులు, చెత్త డబ్బాలు, పెద్ద అంగళ్ళ మరుగుదొడ్లు. ఊళ్ళో ఉండి ఉంటే ‘అది మన పని కాదు’ అని తలవంపుగా భావించే పనిని ఎడారి అవతల మౌనంగా చేసి పంపిన రూపాయలతో ఇక్కడ పిల్లవాడి మెడకు టై కట్టారు. సెలవు మీద ఇంటికొచ్చిన చాలామంది ‘కంపెనీలో పని’ అని మాత్రమే చెబుతారు. చెప్పకపోవడానికి కారణం పెద్దల ఛీకన్నా పిల్లల యక్ కావచ్చునని నా అనుమానం. పెద్దవాళ్ళకు డబ్బు విలువ తెలుసు. ఛీ అన్నా గొంతులో సగమే అంటారు.

రోత మనుషుల మీదికి ఎంత తేలిగ్గా దూకుతుందో డార్విన్ తెలియకుండానే రాసిపెట్టాడు. 1872 నాటి పుస్తకంలో, మనుషుల్లోనూ జంతువుల్లోనూ భావాలు ముఖంలో ఎలా వ్యక్తమవుతాయో చెబుతూ, దక్షిణ అమెరికా కొసన టియెర్రా డెల్ ఫ్యూగోలో జరిగిన సంగతి ఒకటి చెప్పాడు. డార్విన్ తింటున్న నిలవ మాంసాన్ని అక్కడి ఆదివాసి ఒకడు వేలితో తాకి, దాని మెత్తదనానికి స్పష్టంగా రోత పడ్డాడు. అతను తాకినందుకు డార్విన్‌కు తన తిండి మీదే రోత పుట్టింది. అతని చేతులు మురికిగా కనబడలేదని డార్వినే ఒప్పుకున్నాడు. మొదటివాడి రోత మాంసం మీద. రెండోవాడి రోత చేయి మీద. మొదటిదానికి కర్టిస్ చెప్పిన కారణం సరిపోతుంది. రెండోదానికి మన దేశంలో వేల ఏళ్ళుగా ఒక పేరుంది, దాన్ని రాజ్యాంగం 17వ అధికరణంలో నిషేధించాల్సి వచ్చింది.

అయితే రోతలో ఏదో వివేకముందని నమ్మే మేధావులూ ఉన్నారు. డాలీ అనే గొర్రెపిల్ల పుట్టుక లోకానికి తెలిసిన 1997లోనే అమెరికాలో లియాన్ కాస్, మనకు కారణం చెప్పరాకున్నా ఒక పని మీద లోపలి నుంచి రోత పుడుతోందంటే దాన్ని ఆలకించాలని వ్యాసం రాశాడు. మార్తా నస్‌బామ్ 2004లో దానికి గట్టిగా అడ్డుపడింది. చరిత్రలో రోతను బలహీనుల మీద ఆయుధంగా వాడిన సందర్భాలే ఎక్కువ, చట్టానికి అది పునాది కాకూడదన్నది. తెలుగునేల మీద పుట్టి ‘చెండాలం’ అనే మాట వింటూ పెరిగిన నాకు ఈ వాదంలో ఎవరి పక్షం వహించాలో ఆలోచించుకునే అవసరం రాలేదు.

కర్ణాటకలోని కోలారు బంగారు గనుల్లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ పాకీ పనిని రూపుమాపడానికి జీవితమంతా పెట్టి 2016లో మెగసెసే పురస్కారం అందుకున్నాడు. 1993లో ఒక చట్టం, 2013లో మరొకటి వచ్చినా మురుగు గుంతల్లో మనుషులు చస్తూనే ఉన్నారు. ముక్కు మూసుకున్నవాళ్ళు ఇంతమంది ఉన్న దేశంలో ఆ గుంతకు యంత్రం రావడానికి ఇంత ఆలస్యమైంది. రోత మన చేత శుభ్రం చేయించలేదు. శుభ్రం చేసేవాణ్ణి దూరం పెట్టించింది.

అందుకని రోతను వదిలేయాలా? అక్కర్లేదు. దాన్ని సరైన చోట నిలబెట్టిన ప్రయోగం మన తెలుగు పల్లెల్లోనే జరిగింది. చిత్తూరు జిల్లాలో పద్నాలుగు పల్లెలు ఎంచుకుని, సగం పల్లెల్లో ‘సూపర్ అమ్మ’ పేరుతో ఒక ప్రచారం నడిపారు. కర్టిస్ కూడా అందులో ఒకరు. సూక్ష్మక్రిముల గురించీ విరేచనాల గురించీ ఉపన్యాసాలు లేవు. మురికి చేతులతో లడ్డూలు చుట్టే ఒక హాస్యపు పాత్రను చూపి జనాన్ని ఛీ అనిపించారు; పక్కనే బిడ్డకు మంచి అలవాట్లు నేర్పే ఒక తల్లిని చూపారు. మొదట్లో సబ్బుతో చేతులు కడుక్కోవలసిన సమయాల్లో కడుక్కున్నవి నూటికి ఒకటీ రెండూ మాత్రమే. ఆరు నెలల తరువాత ప్రచారం జరిగిన పల్లెల్లో నూటికి 37, జరగనిచోట 6. ఈ ఫలితాలు 2014లో ‘లాన్సెట్’ వారి పత్రికలో వచ్చాయి. అక్కడ ప్రజలు ఛీ అన్నది మురికి చేతిని. చేయి కడిగితే ఛీ పోయింది. కడిగినా పోని ఛీ ఒకటి ఉంది చూశారూ, దానితోనే నా తగువంతా.

కనుక మా ఇంట్లో నేను పాటించే పద్ధతి చెబుతాను, ఎవరూ అనుసరించనక్కర్లేదు. ఈగ వాలిన మిఠాయి, మూత లేని మోరీ, ఉమ్మిన గోడ — వీటి ముందు పిల్లలు యక్ అంటే నేనూ గొంతు కలుపుతాను. తిండి ముందు అంటే మాత్రం వాక్యం మార్పిస్తాను: ‘నాకు సయించదు’ అనమంటాను. ముందు నవ్వారు, తరువాత అలవాటైంది. ఇప్పుడు లెక్కల పుస్తకం కూడా సయించదంటున్నారు. మనిషి ముందు అంటే ఆ రోజు కొంచెం పెద్ద గొడవే అవుతుంది, గొంతు పెంచేది నేనే. చెండాలం అనే మాట ఇంట్లో అతిథుల నోట వచ్చినప్పుడు మాత్రం ఏం చేయాలో పాలుపోక ఊరుకుంటున్నాను. పెద్దవాళ్ళ నాలుకను సరిదిద్దే మర్యాద తెలుగులో ఎలా ఉంటుందో ఇంకా దొరకలేదు.

ఈలోగా ఆ మాట బదులు వాడదగినవి పోగుచేస్తున్నాను. కులం పేరు, వృత్తి పేరు, రోగం పేరు లేని రోతమాటలు కావాలి. ముక్కిన బియ్యానికి, పులిసిపోయిన పప్పుకు, సాంచాల కార్ఖానా పక్క మోరీలో నిలిచిన గంజి కంపుకు సిరిసిల్ల వైపు పెద్దవాళ్ళు ఏమనేవారో తెలిసినవారు చెబితే రాసిపెట్టుకుంటాను.